సముద్రం కనబడని హోటల్

"సముద్రం పక్కన వద్దు," అంది మా కోడలు.

ఆ ఒక్క మాటతో నాకు అనుమానం పట్టుకుంది. అసలు మేం ఆ నగరానికి వెళ్దామనుకున్నదే సముద్రం కోసం. పిట్టకి వేసవి సెలవులిచ్చారు. పిట్టంటే నా మనవరాలు. తిండి పిట్ట తిండే, గోల మాత్రం పది పిట్టలంత. మా అబ్బాయి కొన్నాళ్ళుగా భోజనాల బల్ల దగ్గర ఫోను పట్టుకుని కూర్చుని హోటళ్ళ బొమ్మలు చూపిస్తున్నాడు. ఒకదాంట్లో కిటికీ తీస్తే అలలు, ఇంకోదాంట్లో మంచం మీద పడుకునే సముద్రం చూడొచ్చు. కోడలు ఒక్కొక్కదాన్నీ కళ్ళతోనే పక్కకి నెట్టేస్తోంది.

"మరెక్కడ ఉందామంటావు?" అన్నాడు వాడు.

"మార్కెట్ వెనక వీధిలో చూడు. అక్కడ గదులు బాగుంటాయంట. సముద్రం దగ్గర తేమ ఎక్కువ, పిట్టకి దగ్గొస్తుంది, ఉతికిన బట్టలు ఆరవు, జనం తోసుకుంటూ ఉంటారు, అన్నీ మెట్ల హోటళ్ళే, మొన్న మా ల్యాబ్‌కి వచ్చిన డాక్టరుగారి చెల్లెలు కూడా అక్కడ దిగి నానా అవస్థా పడిందంట."

నేను నర్సింగ్ చదివే అమ్మాయిల హాస్టల్లో మేట్రన్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. అన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒక్కటే. నిజం చెప్పేవాళ్ళు తక్కువ మాట్లాడతారు. "సినిమాకెళ్ళానండీ, ఆలస్యమైంది," అన్న పిల్లని లోపలికి పొమ్మనేదాన్ని. "మా పిన్నిగారి తోటికోడలి తమ్ముడికి జ్వరమొస్తేనూ," అని మొదలుపెట్టిన పిల్లని గుమ్మంలోనే నిలబెట్టేదాన్ని. నా వెనకాల వాళ్ళు నన్ను డేగ అనేవాళ్ళు. నాకు తెలియదనుకునేవాళ్ళు, పిచ్చిమొహాలు. ఏమాటకామాటే చెప్పాలి, ఆ పేరు నాకు నచ్చింది.

మా కోడలు రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. అలాంటిది డాక్టరుగారి చెల్లెలి దాకా వెళ్ళిందంటే ఏదో మతలబు ఉంది.

మా కోడలి పని గురించి కూడా చెప్పాలి. పళ్ళ ల్యాబ్‌లో చేస్తుంది. డాక్టర్లు కొలతలు పంపితే కట్టుడుపళ్ళు తయారుచేస్తుంది. నా నోట్లో ఉన్న రెండు వరుసలూ తను చేసినవే. పెట్టిన రోజు నుంచీ కింది వరుస వదులుగా ఉందని నేను సణుగుతూనే ఉన్నాను. వదులేం లేదు. అత్తగారన్నాక మెప్పు అంత తేలిగ్గా ఎలా ఇచ్చేస్తాం. అవి చేసేటప్పుడు ముందు మైనంలో పళ్ళు గుచ్చి, డాక్టరు కుర్చీలో నన్ను కూర్చోబెట్టి నోట్లో పెట్టింది. పిట్టకి కథ చెప్పమంది. మధ్యలో నా వంట మీద ఏదో అని, కావాలనే నాతో పోట్లాట పెట్టుకుంది. నేను నాలుగూ దులిపేశాక, "అయిపోయింది అత్తయ్యా, కొలత దొరికింది," అంది.

"కొలత ఎప్పుడు తీశావే?"

"చెప్పి తీస్తే మనిషి దవడ బిగబట్టేస్తాడు. అప్పుడు కొలత తప్పొస్తుంది."

ఆవేళ నవ్వుకుని ఊరుకున్నాను.

ఇప్పుడు సంగతికొస్తాను. ఆ మర్నాడు సాయంత్రం కోడలు పెరట్లో బట్టలు ఆరేస్తూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని హోటల్ వాళ్ళతో మాట్లాడుతోంది. నేను వంటింటి కిటికీ దగ్గర గిన్నె తోముతున్నాను. ఆ గిన్నె అప్పటికే శుభ్రంగా ఉంది.

"గదిలోకి మెట్లెక్కాలా? కింది అంతస్తులోనే రెండు గదులు పక్కపక్కన కావాలండీ. నీళ్ళు రోజంతా వస్తాయా? వీధి చదునుగా ఉంటుందా, ఎత్తుపల్లాలా? దగ్గర్లో డాక్టరున్నాడా? కూరగాయలకి నడిచి వెళ్ళొచ్చా? దారిలో కూర్చోడానికి బల్లలవీ ఉన్నాయా? సాయంత్రం నీడ పడుతుందా?"

నా చేతిలో గిన్నె ఆగిపోయింది. సరదాగా నాలుగు రోజులు ఉండొచ్చేవాళ్ళకి కూరగాయలతో ఏం పని? హాస్టల్ చూడ్డానికొచ్చే చుట్టాలు తోట బాగుందని మెచ్చుకునేవాళ్ళు. చేరడానికొచ్చిన పిల్లలు మాత్రం ముందు కుళాయి తిప్పి చూసేవాళ్ళు. అంటే ఈ మనిషి అక్కడ కాపురం పెట్టబోతోంది. ఆ బల్ల మీద నీడలో కూర్చునేది ఎవరో, పక్కన ఎవరో, అదీ తేలాలి.

మావాడు ముందుగదిలో ఎవరిదో కుట్టుమిషన్ విప్పి ఒక్కో ముక్కకీ నూనె పెడుతున్నాడు. వాడి పని అదే, కుట్టుమిషన్లు బాగుచెయ్యడం.

"ఒరేయ్, నీ పెళ్ళాం ఆ మార్కెట్ వీధిని పట్టుకుని ఎందుకలా వేలాడుతోంది?"

"గదులు బాగుంటాయందిగా."

"నువ్వు నమ్మేశావా?"

"నమ్మకపోతే ఎలాగమ్మా. ఒకే ఇంట్లో ఉండాలిగా."

వీడికేమీ తెలియదని అక్కడే తేలిపోయింది. వీడి నోట్లో నువ్వుగింజ నానదు. వీడికి తెలిసిన సంగతి పొయ్యి మీద పాలు పొంగేలోగా నాకు చేరుతుంది. అంటే మొగుడి దగ్గర కూడా దాచింది. అయితే వీణ్ణి వదిలేసి వెళ్ళాలి, లేకపోతే వీణ్ణి నా దగ్గర్నుంచి తీసుకుపోవాలి. మూడో దారి నాకు కనబడలేదు. నిజంగా భయమేసింది. ఉద్యోగం అయిపోయాక నాకు మిగిలింది ఆ ముగ్గురే. వాళ్ళు లేని ఇంట్లో నేను ఎవరి మీద కేకలెయ్యాలి?

మాట రాబడదామని ఓ రోజు అన్నాను. "మీ ముగ్గురూ వెళ్ళి రండమ్మాయ్. నా మోకాలు చూశావుగా. నేనెందుకు మధ్యలో."

కోడలు చేతిలో పని వదిలేసి లేచి నిలబడింది. "మీరు రాకపోతే ఎలా అత్తయ్యా. మీరు రావాల్సిందే. మీరు లేకుండా వెళ్ళడమే దండగ."

చూశారా మరి. ఏ ఇంట్లోనైనా సరదా ప్రయాణానికి అత్తగారు రావాల్సిందేనని పట్టుబట్టిన కోడల్ని చూశారా? పిట్టని నాకు అప్పజెప్పి తను బయట తిరగడానికే ఈ పన్నాగం అనుకున్నాను. సరే, కానియ్యి, నేనూ వస్తాను, డేగ కళ్ళు ఇంకా పోలేదు అనుకుని పెట్టె సర్దుకున్నాను.

హోటల్ చిన్నది. అదే వీధిలో కాస్త ముందుకెళితే తాళాలు చేసేవాడి దుకాణం, ఇంకాస్త ముందుకి మందుల షాపు, ఆ చివర కూరగాయల మార్కెట్. సముద్రం కాదుగదా, సముద్రం గాలి కూడా తగల్లేదు. గదిలో అడుగు పెట్టగానే నా అలవాటు ప్రకారం పరుపు ఎత్తి చూశాను. దుప్పటి అంచులు వాసన చూశాను. కుళాయి తిప్పాను, మంచం కిందకి వంగాను, స్నానాలగది మూలల్లో వేలితో రాశాను. ఒక్క తప్పు దొరకలేదు. తప్పు దొరకని గదిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. దాంతో ఇంకా మండింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న హోటల్ మేనేజరు, "తనిఖీ ఆఫీసరుగారాండీ?" అన్నాడు.

"ఒకప్పుడు. ఇప్పుడు ఇంట్లోవాళ్ళ వరకే."

"మీ కోడలుగారు మిమ్మల్ని మించినవాళ్ళండీ. ఫోన్లో మంచం ఎత్తు కూడా అడిగారు. నేను టేపు పట్టుకుని కొలిచి చెప్పాను."

మంచం ఎత్తు. దీన్ని ఏ ఖాతాలో వెయ్యాలో నాకు తెలియలేదు.

మర్నాటి నుంచీ మొదలైంది. పొద్దున్నే లేచి, "నేనలా నడిచొస్తాను అత్తయ్యా. పొద్దుటి గాలి మంచిది కదా, మార్కెట్ చివరిదాకా వెళ్ళి, అటునుంచి గడియారం స్తంభం చుట్టూ తిరిగి, పిట్టకి పళ్ళేమన్నా దొరుకుతాయేమో చూసి," అంటూ అంత పొడుగు చెబుతుంది. వెళ్ళిన మనిషి ఎండెక్కాక గానీ రాదు. చేతులు దగ్గరికొస్తే వేరే సబ్బు వాసన. హోటల్ సబ్బు నిమ్మకాయ వాసనొస్తుంది, ఇది మందు వాసన. నుదుటి మీద సన్నగా గీత, ఏదో బిగుతుగా పెట్టుకుని తీసినట్టు. పళ్ళు మాత్రం ఒక్కరోజూ తేలేదు.

మధ్యాహ్నాలు బస్సెక్కి సముద్రానికి వెళ్ళేవాళ్ళం. మావాడూ పిట్టా కెరటాల్లో గెంతుతుంటే కోడలు ఇసకలో నా పక్కన చేరి ప్రశ్నలు మొదలెట్టేది.

"పొద్దున్న ఎక్కడిదాకా నడిచారు అత్తయ్యా? మోకాలు లాగిందా? ఎక్కడన్నా కూర్చున్నారా? ఎవరన్నా పలకరించారా?"

నేను ఎంతదూరం రాగలనో కనుక్కుని, నేను రాలేని చోటికి పోదామని చూస్తోంది అనుకున్నాను. మొదట్లో ముక్తసరిగా చెప్పాను. తర్వాత ఒళ్ళు మండి, ఒక రోజు కుండబద్దలు కొట్టినట్టు చెప్పాను.

"అసలు మంచం దిగలేదు. ఈ వీధిలో నడవడం నావల్ల కాదు."

నిజానికి ఆ పొద్దున్న నేను మందుల షాపు దాకా వెళ్ళాను. అక్కడ బల్ల మీద నా ఈడుదే ఒకావిడ కూర్చుని ఉంటే, ఇద్దరం కలిసి మా మోకాళ్ళనీ ఆ తర్వాత మా కోడళ్ళనీ తనివితీరా తిట్టుకున్నాం. చాలా రోజుల తర్వాత మనసు తేలికపడింది. అదంతా ఈవిడకెందుకు చెప్పాలి?

"అసలు దిగలేదా?" అంది కోడలు. "ఊరు నచ్చలేదా?"

"ఈ ఊళ్ళో నచ్చడానికి ఏముంది?"

పిట్ట తడి కాళ్ళతో వచ్చి ఒళ్ళో కూలబడితే కోడలు దాని పాదాల ఇసక దులుపుతూ కూర్చుంది. హోటల్‌కి రాగానే ఎవరికో ఫోన్ చెయ్యాలని బయటికెళ్ళి, కళ్ళు కడుక్కుని వచ్చింది. అన్నం ముట్టలేదు. దొంగ దొరికిపోయిందన్నమాట అనుకున్నాను. కానీ దొంగ దొరికినప్పుడు రావాల్సిన సంతోషం మాత్రం రాలేదు.

మర్నాడు పొద్దున్న తను మళ్ళీ బయల్దేరింది. ఈసారి కబుర్లేమీ లేవు. "కాసేపట్లో వస్తాను," అంది, అంతే. ఆ పొట్టి మాటే నన్ను లేపి నిలబెట్టింది. మావాడు పిట్టకి పడవలు చూపిస్తానని తీసుకెళ్ళాడు. నేను కర్ర తీసుకుని కోడలి వెనకే బయల్దేరాను. ఇవాళ తాడోపేడో తేలిపోవాలి.

తను తొందరపడకుండానే నడుస్తోంది. నాకే కష్టమైంది. తాళాల దుకాణం దాటేసరికి మోకాలు సలపడం మొదలైంది. సమయానికి అక్కడో బల్ల. కూర్చుని, లేచి, మళ్ళీ నడిచాను. మందుల షాపు దగ్గరికొచ్చేసరికి ఇంక నావల్ల కాదనుకున్నాను, అక్కడ నిన్నటి బల్ల. దాని ఒక కాలు పొట్టిది, కూర్చుంటే ఒక పక్కకి ఒరుగుతుంది. ఇంకాస్త ముందుకెళ్ళి ఆయాసంతో ఆగితే అక్కడా బల్లే, దాని మీద చక్కటి నీడ. నా అదృష్టం బాగుందనుకున్నాను. కోడలు ఆ బల్లకెదురుగా ఉన్న అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

లేచి వెళ్ళి అద్దంలోంచి చూశాను. లోపల వరసగా దీపాలు, ఒక్కో దీపం కింద తెల్లకోటు వేసుకున్న ఒక్కో మనిషి. తలలకి టోపీలు. మా కోడలు కూడా కోటు తగిలించుకుని, టోపీలోకి జుట్టు దోపుకుని, తన చోటు ఎక్కడో తెలిసినదానిలా వెళ్ళి కూర్చుంది. సన్నటి కుంచెతో ఒక పన్ను మీద పొర మీద పొర ఏదో అద్దుతోంది. దాన్ని దీపానికి ఎత్తిపట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. చిన్నపిల్లలు బొమ్మ గీసేటప్పుడు పెట్టినట్టు నాలుక కొస పెదవి మీద పెట్టుకుంది. ఇంట్లో ఆ మొహం నేను ఏనాడూ చూడలేదు. అంత హాయిగా ఉంది ఆ మొహం. నాకు ఎందుకో కుళ్ళు పుట్టింది.

తలుపు తీసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. నుదుటి మీదికి భూతద్దాలు ఎత్తిపెట్టుకున్నాడు.

"డాక్టరు పక్క సందులో ఉంటారమ్మా. ఇది ల్యాబ్."

"నాకు డాక్టరెందుకు. ఊరికే చూస్తున్నాను."

ఆయన నా మొహం కేసి కాదు, నా నోటి కేసి చూస్తున్నాడు. "ఇంకోసారి మాట్లాడండి," అన్నాడు.

"ఏం మాట్లాడమంటారు?"

ఆయన నవ్వాడు. "మీరు ఆ అమ్మాయి అత్తగారు. ఉద్యోగానికి వచ్చినవాళ్ళని తాము చేసినవాటిలో మంచిది చూపించమంటాం. ఆ అమ్మాయి ఈ పళ్ళ ఫొటోలే పంపింది."

నేను నోరు మూసుకున్నాను.

"లోపలికి రండి. మీరన్నా కాస్త చెప్పండమ్మా," అన్నాడు. "మా దగ్గర ఇలాంటి చెయ్యి ఇంకోటి లేదు. మొదటిరోజు పని చూడగానే చేరిపొమ్మన్నాను. 'మా అత్తయ్య ఈ వీధిలో కొన్నాళ్ళు నడిచి చూడాలండీ, ఆవిడకి కుదిరితేనే మా ఇంట్లోవాళ్ళకి చెబుతాను, లేకపోతే లేదు' అంది. నిన్న సాయంత్రం ఫోన్ చేసి కుదిరేలా లేదండీ అనేసింది. చేతిలో ఉన్న పన్ను పూర్తి చేసి వెళ్ళిపోతానని ఇవాళ వచ్చింది."

నా మొహాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. మెట్లు, నీళ్ళు, డాక్టరు, నీడ, బల్లలు, చివరికి మంచం ఎత్తు కూడా. అన్నీ నాకు తెలిసిన ప్రశ్నలే. ఉండబోయేవాళ్ళు అడిగే ప్రశ్నలని సరిగ్గానే పట్టుకున్నాను. ఉండబోయేది ఎవరన్న దగ్గర మాత్రం పప్పులో కాలేశాను.

కోపం కూడా వచ్చింది, రాలేదని ఎందుకు చెప్పాలి. ఊళ్ళోవాళ్ళ గదులన్నీ తనిఖీ చేసినదాన్ని, నన్నే తనిఖీ చేసిందా ఈ పిల్ల? ఆ కోపంతోనే తలుపు తోసి లోపలికి వెళ్ళబోయాను. అద్దంలోంచి మళ్ళీ తను కనబడింది. పూర్తయిన పన్నుని అరచేతిలో పెట్టుకుని చూసుకుంటోంది. పక్కన పెట్టడానికి చెయ్యి రావడంలేదు. నా కాలు అక్కడే ఆగిపోయింది.

"ఆ చోట్లోకి ఇంకొకర్ని చూసుకున్నారా?" అన్నాను ఆయనతో.

"రేపట్నుంచి చూడాలి."

"రేపు చూడకండి. నేను వచ్చానని కూడా చెప్పకండి."

తిరిగి వెళ్ళేటప్పుడు మూడు బల్లల మీదా కూర్చుంటూ వెళ్ళాను. హోటల్ గుమ్మంలో మావాడు కంగారుగా నిలబడి ఉన్నాడు. పిట్ట వాడి చెయ్యి పట్టుకుని ఊగుతోంది.

"ఎక్కడికెళ్ళావమ్మా? ఆవిడేది?"

"బయటికెళ్ళింది."

"రోజూ ఎక్కడికమ్మా ఇంతసేపు?"

"నడకకి."

వాడు సరేనని తలూపి పిట్టని లోపలికి తీసుకెళ్ళాడు. అబద్ధం నమ్మాలంటే ఎంత పొట్టిగా ఉండాలో ఆ హాస్టల్ పిల్లల్లో ఒక్కదానికీ తెలియలేదు పాపం.

సాయంత్రం ఎండ తగ్గాక కోడల్ని లేపాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "పద, అలా నడిచొద్దాం."

"మీ మోకాలు?"

"నా మోకాలు నాతోనే వస్తుంది. నువ్వు పద."

తాళాల దుకాణం దగ్గర కూర్చున్నాం. ఆ ఆకురాయి చప్పుడికి చెవులు చిల్లులు పడుతున్నాయన్నాను. లేచి నడుస్తూ, కూరగాయలావిడ కుళ్ళినవి అడుగున పెట్టి కట్టేస్తోందన్నాను. మందుల షాపువాడికి మాట్లాడే తీరిక ఉంది గానీ మందిచ్చే తీరిక లేదన్నాను. కోడలు ఊ కొడుతోంది గానీ వినడంలేదు. షాపు ముందు రెండో బల్ల మీద కూలబడ్డాం. అది ఎప్పటిలా ఒక పక్కకి ఒరిగింది.

"ఈ బల్ల కాలు పొట్టిది," అన్నాను. "ఎవరికి చెబితే బాగుచేస్తారో కనుక్కోమని హోటల్ మేనేజరుకి చెప్పాను."

"ఎల్లుండి వెళ్ళిపోతున్నాంగా అత్తయ్యా. మనకెందుకు."

"నీకెందుకేమో. రోజూ కూర్చోవాల్సినదాన్ని నేను."

కోడలు నా వైపు తిరిగింది. వీధిలో ఎవరో షట్టరు లాగారు. ఆ చప్పుడు అయిపోయేదాకా అలాగే చూస్తోంది.

"మీకెవరు చెప్పారు?"

"డేగకి ఒకరు చెప్పాలా?"

"నిన్న మరి... అసలు మంచం దిగలేదన్నారు. నావల్ల కాదన్నారు."

"ఎవరో కొలత తీస్తున్నారని అనుమానమొచ్చింది. దవడ బిగబట్టేశాను," అన్నాను. "నిన్నటి కొలత తప్పు. మళ్ళీ తీసుకో."

తను చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నేను తొంగి చూడలేదు. అనుమానించడం నా వృత్తే గానీ, కొన్ని చోట్ల నేనూ తలుపు కొట్టే లోపలికి వెళ్ళేదాన్ని. కాసేపటికి మొహం తుడుచుకుని, ఫోను తీసుకుని, ల్యాబ్ పెద్దాయనతో మాట్లాడ్డానికి నాలుగడుగులు పక్కకి వెళ్ళింది. నేను బల్ల ఒరగని వైపుకి జరిగి కూర్చున్నాను.

మావాడికి ఆ పూటే చెప్పింది. కుట్టుమిషన్ లేని ఊరెక్కడుంది అన్నాడు వాడు. పిట్ట మాత్రం సముద్రం కనబడని ఇల్లు వద్దని కాసేపు ఏడ్చింది.

ఆ బల్ల కాలు ఇప్పటికీ పొట్టిదే. నేను రోజూ చెబుతూనే ఉన్నాను.